ఉచితంగా దొరికే పూసల అల్లిక నమూనాను పూసలు కొనకముందే పరీక్షించడం ఎలా?

చదివే మిగతావారికి సందర్భం తెలియడం కోసం మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. కావలిలో మీ డ్వాక్రా సంఘంలోని కొందరికి మీరు పూసల అల్లిక నేర్పుతున్నారు. ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికిన చిలకల కంకణం నమూనా ఒకటి ఎంచుకొని, 11/0 సైజు (ఈ సంఖ్య పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది) జపాను గొట్టపు పూసలు తెప్పించి, పెయోటీ అనే అల్లికలో అల్లించారు. చిలక సన్నగా పొడవుగా సాగిపోయింది, ముక్కు అంచు పళ్ళుపళ్ళుగా వచ్చింది, సగం దాటాక వరుసల లెక్క కుదరలేదు. తప్పు అల్లినవారిదా, నమూనాదా, ఇకమీద డబ్బు పెట్టకముందే తెలుసుకునే దారి ఉందా అన్నది మీ ప్రశ్న. అలాంటి నమూనాలతో కంకణాలు చేసి అమ్మవచ్చా అని కూడా అడిగారు.

మీరు చెప్పిన మూడు లక్షణాలనుబట్టి చూస్తే తప్పు నమూనాదే. నెల్లూరులో చాలాకాలంగా ఈ పని చేస్తూ, నేర్పుతూ ఉన్న అనుభవంతో చెబుతున్నాను: ఉచిత నమూనా విషయంలో అసలు తేల్చుకోవలసింది ఒక్కటే, దాన్ని తయారుచేసినవారు ఒక్కసారైనా సూదీ దారం పట్టుకొని అల్లి చూశారా, లేక అది కంప్యూటరు తెరమీద పుట్టి తెరమీదే ఉండిపోయిందా అన్నది. అల్లి చూసిన నమూనాలో ఆ చేతి ఆనవాళ్ళు తప్పకుండా కనిపిస్తాయి. వాటిని గుర్తుపట్టడానికి పూసలు అక్కరలేదు, పెన్సిలూ కాగితమూ చాలు.

మొదట ఆ గళ్ళ పటం ఏ అల్లిక కోసం గీసినదో చూడాలి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. లూమ్ అనే చిన్న మగ్గం మీద నేసే పనికీ, స్క్వేర్ స్టిచ్‌కీ పూసలు నిలువుగా, అడ్డంగా ఒకదాని పక్కన ఒకటి తిన్నగా కూర్చుంటాయి కాబట్టి పటంలో గళ్ళు కూడా తిన్నగానే ఉండాలి. పెయోటీ అల్లికలో పక్కపక్క నిలువు వరుసలు సగం పూస మేర ఎగుడుదిగుడుగా కూర్చుంటాయి, అందుచేత పెయోటీ పటంలో ప్రతి రెండో నిలువు వరుస సగం గడి కిందికి జరిగి కనిపించాలి. బ్రిక్ స్టిచ్ పటంలో అదే జరుగుడు అడ్డ వరుసల్లో ఉంటుంది. పెయోటీ పటాన్ని పావు చుట్టు తిప్పితే బ్రిక్ స్టిచ్ పటం అవుతుంది కాబట్టి ఆ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడుకోవచ్చు, కానీ తిన్నని గళ్ళ పటాన్ని మాత్రం ఈ రెండింటికీ వాడకూడదు. పైన పెయోటీ అని రాసి, కింద క్రాస్ స్టిచ్ కాగితంలా తిన్నని గళ్ళు ఇచ్చిన నమూనాను అక్కడికక్కడే పక్కన పెట్టేయవచ్చు. మీ చిలక ముక్కు పళ్ళుపళ్ళుగా రావడానికి కారణం ఇదే. తిన్నని గళ్ళలో నునుపుగా కనిపించిన అంచు, పెయోటీలో ప్రతి రెండో పూసా సగం జరగడంతో విరిగిపోయింది.

ఇంకొక చిక్కు ఉంది. పూసల నమూనాలని వెతికితే వచ్చే చిత్రాల్లో చాలా భాగం మనం అల్లే పూసలవి కావు. పిల్లలు అచ్చుపలక మీద పేర్చి, పైన కాగితం వేసి ఇస్త్రీపెట్టెతో అతికించే ప్లాస్టిక్ పూసలు కొన్ని ఉంటాయి. హామా, పెర్లర్ అన్న పేర్లతో వచ్చే ఆ పూసల మామూలు సైజు సుమారు 5 మిల్లీమీటర్లు, వాటికి దారంతో పనే లేదు. ఆ పటాలు అందంగానే ఉంటాయి, కానీ దారం ఎటునుంచి ఎటు పోవాలన్న ఆలోచనే వాటిలో ఉండదు. బొమ్మ మధ్యలో విడివిడిగా తేలే ముక్కలు, ఒకే పూసతో మాత్రమే అంటుకున్న తోకలు, కాళ్ళు కనిపిస్తే అది ఆ కోవదని అనుమానించండి.

చిలక సన్నగా సాగడానికి కారణం పూస కొలత. గొట్టంలా తిన్నగా ఉండే 11/0 జపాను పూసను, అంటే మియుకి వారి డెలికా వంటిదాన్ని తీసుకుంటే, దాని అడ్డుకొలత (వ్యాసం) సుమారు 1.6 మిల్లీమీటర్లు, బెజ్జం వెంబడి పొడవు సుమారు 1.3 మిల్లీమీటర్లు. అది చతురస్రం కాదు. 30 గళ్ళ వెడల్పు, 30 గళ్ళ ఎత్తుతో గీసిన గుండ్రని బొమ్మను బెజ్జాలు అడ్డంగా ఉండేలా అల్లితే వెడల్పు 39 మిల్లీమీటర్లు, ఎత్తు 48 మిల్లీమీటర్లు వస్తుంది. సున్నా కాస్తా కోడిగుడ్డు అవుతుంది. చీర అంచుకు గ్రాఫ్ కాగితం మీద బొమ్మ గీసేవారు పడుగు పోగులు ఎంత దగ్గరగా ఉన్నాయో, పేక ఎంత దగ్గరగా పడుతుందో చూసుకొని గీసినట్టే, పూసల నమూనా గీసేవారు కూడా పూస నిష్పత్తిలోనే గళ్ళు గీసుకోవాలి. మంచి నమూనాలో గళ్ళే కొంచెం దీర్ఘచతురస్రాలుగా కనిపిస్తాయి. స్కేలు పెట్టి ఒక గడి వెడల్పును ఎత్తుతో పోల్చి చూడండి. పూర్తిగా సమానంగా ఉంటే, ఆ బొమ్మను ఎంత మేర సాగుతుందో లెక్కకట్టి చూసుకున్నాకే ముట్టుకోండి.

ఇక వరుసల లెక్క. నా దృష్టిలో నమూనా నిజాయితీ బయటపడేది ఇక్కడే, కాబట్టి కొంచెం విస్తరించి చెబుతాను. పెయోటీ నమూనాల్లో పటంతోపాటు మాటల్లో వరుసల జాబితా ఇస్తారు: ఎ రంగు రెండు, బి రంగు ఐదు, మళ్ళీ ఎ రంగు నాలుగు, ఇలా. కంకణం వెడల్పు 24 పూసలు అనుకుందాం. మొదట దారానికి గుచ్చే 24 పూసలు 1, 2 వరుసలు రెండూ కలిసినవి. ఆ తరువాత ప్రతి వరుసలోనూ సరిగ్గా 12 పూసలే పడాలి, ఒకటి తగ్గకూడదు, ఒకటి పెరగకూడదు. పైన చెప్పిన రెండు, ఐదు, నాలుగు కలిపితే 11 అవుతుంది. అంటే ఆ వరుసలో ఒక పూస ఎక్కడో జారిపోయింది. వెడల్పు బేసి సంఖ్య అయితే, ఉదాహరణకు 25 అయితే, వరుసలు ఒకటి విడిచి ఒకటి 13, 12గా రావాలి. అంతేకాక బేసి వెడల్పులో ఒక అంచున దారం తిప్పి తెచ్చుకోవడానికి ఆసరా పూస ఉండదు, అక్కడ దారాన్ని లోపలి పూసల గుండా మెలితిప్పి తేవాలి. ఆ మలుపును బొమ్మ గీసి చూపించని బేసి వెడల్పు నమూనా అల్లి చూసినవారిది కాదని నేను ధైర్యంగా చెబుతాను, ఎందుకంటే అల్లినవారెవరికైనా మూడో వరుసలోనే ఆ ఇబ్బంది ఎదురవుతుంది.

జాబితాలోని ప్రతి వరుసనూ కూడనక్కరలేదు. మొదటి పది, మధ్యలో ఒక పది, చివరి పది కూడితే చాలు. ముఖ్యంగా చివరివి వదలకండి. తొందరపడి తయారుచేసినవారు ముందు పేజీని శ్రద్ధగా చూసుకొని వెనక పేజీని వదిలేస్తారు. వరుస ఏ వైపునుంచి చదవాలో చెప్పే బాణం గుర్తు ఉందో లేదో కూడా చూడాలి. పెయోటీలో ఒక వరుస ఎడమనుంచి కుడికి, తరువాతిది కుడినుంచి ఎడమకు సాగుతుంది. జాబితా ఆ మార్పును లెక్కలోకి తీసుకొని రాసిందా, లేక అన్నీ ఎడమనుంచే రాసిందా తెలియకపోతే వరుస విడిచి వరుస తలకిందులై బొమ్మ చెదిరిపోతుంది. పటాన్నీ జాబితానూ పక్కపక్కన పెట్టుకొని ఏదో ఒక వరుసను రెండింటిలో పోల్చితే ఇది నిమిషంలో తేలుతుంది.

మొత్తం కొలతలను కూడా ఇలాగే పరీక్షించవచ్చు. 24 పూసల వెడల్పుకు 1.3 మిల్లీమీటర్ల చొప్పున సుమారు 31 మిల్లీమీటర్లు రావాలి. కంకణం పొడవు 16 సెంటీమీటర్లు అయితే ఒక్కో నిలువు వరుసలో సుమారు 100 పూసలు పడతాయి, అంటే పెయోటీ లెక్కన 200 వరుసలు. మొత్తం 2,400 పూసలు. ఈ రకం పూసలు గ్రాముకు సుమారు 200 తూగుతాయి కాబట్టి 12 గ్రాములు కావాలి, చెడిపోయేవాటికి మరికొంత చేర్చుకోవాలి. నమూనాలో ఇదే వెడల్పుకూ పొడవుకూ 5 గ్రాములు చాలునని రాస్తే, రాసినవారు ఆ కంకణాన్ని ఎన్నడూ చేయలేదన్నమాట. 200 వరుసలకు బదులు 100 అని రాసి ఉంటే మాత్రం వెంటనే తప్పు పట్టకండి. కొందరు నిలువుగా ఒక్క వరుసలో పూసలు లెక్కపెట్టి అదే వరుసల సంఖ్యగా రాస్తారు. ఏ పద్ధతో చెప్పి ఉండాలి, అంతే.

మన ఇళ్ళలో నైలాన్ వైరుతో క్రిస్టల్ పూసల బుట్టలు, వినాయకుడు, తోరణాలు చేసే అల్లికకు కూడా లెక్క ఉంది. నాలుగేసి పూసల గళ్ళుగా సాగే ఆ పనిని రైట్ యాంగిల్ వీవ్ అంటారు. మొదటి గడికి నాలుగు పూసలు, పక్క గడికి మూడు, రెండో వరుస మొదటి గడికి మూడు, ఆ పై గళ్ళకు రెండేసి పడతాయి. 5 గళ్ళ వెడల్పు, 5 గళ్ళ పొడవు గల పలకకు మొదటి వరుసలో 16, తరువాతి నాలుగు వరుసల్లో 11 చొప్పున 44, మొత్తం 60 పూసలు. ఐదేసి పూసల ముఖాలతో చేసే చిన్న బంతిలో 12 ముఖాలు ఉంటాయి, ప్రతి పూసా రెండు ముఖాలకు ఉమ్మడి కాబట్టి పూసలు 30. నమూనాలో ఆ బంతికి 36 అని కనిపిస్తే అది వేరే ఆకారమైనా కావాలి, తప్పైనా కావాలి. గుండ్రంగా, చదునుగా ఉండవలసిన పనిలో చుట్టుకొలత వ్యాసంతోపాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి, రెండు మూడు వలయాలకు కలిపి చూసుకుంటే పెరిగే పూసల సంఖ్య ఇంచుమించు ఒకే తీరుగా ఉండాలి. ప్రతి వలయానికీ రెట్టింపు చేసుకుంటూ పోతే ఆ పని కుచ్చిళ్ళు తిరుగుతుంది, అసలు పెంచకపోతే గిన్నెలా వంగుతుంది. గొట్టంలా అల్లే పెయోటీలో చుట్టుకు సరిసంఖ్య పూసలుంటే ప్రతి చుట్టు చివరా సూదిని ఒక పూస పైకి ఎక్కించుకోవాలి, బేసి సంఖ్య అయితే ఆ అవసరం రాదు, పని మెలికగా సాగిపోతుంది. బేసి సంఖ్య ఇచ్చి చుట్టు చుట్టుకూ సూది పైకి ఎక్కించమని రాసిన నమూనాను నమ్మకండి.

లెక్క సరిపోయాక దారం దారి చూడాలి. మంచి నమూనాలో ప్రతి దశకూ వేరే బొమ్మ ఉంటుంది, కొత్తగా చేరే పూసలు ముదురుగానూ ముందే అల్లినవి లేతగానూ కనిపిస్తాయి, దారం ఎక్కడ మొదలై ఎటు పోయి ఎక్కడ బయటికి వచ్చిందో గీతతో తెలుస్తుంది. జపాను, రష్యా, చెక్ దేశాల నమూనాలు చాలావాటిలో మాటలు మనకు అర్థం కాకపోయినా ఇలాంటి బొమ్మలు ఉంటే పని ఆగదు. మీ సంఘంలో ఇంగ్లీషు చదవలేనివారు ఉన్నారన్నారు. వారికి పేజీల కొద్దీ ఇంగ్లీషు వివరణకన్నా మాటలు లేని స్పష్టమైన బొమ్మే మేలు. అయిపోయిన వస్తువు ఫోటో ఒకటి, గళ్ళ పటం ఒకటి ఇచ్చి ఊరుకున్న నమూనా అనుభవం ఉన్నవారికి సరిపోవచ్చు కానీ నేర్చుకుంటున్నవారికి పనికిరాదు.

చేతి ఆనవాలు అన్నింటికన్నా స్పష్టంగా కనిపించేది చివరి దశలో. హుక్కు ఎలా తగిలించాలి, దాని పొడవు కంకణం కొలతలో కలిసిందా లేదా, దారం తోకను ఎన్ని పూసల గుండా ఎలా వెనక్కి తీసుకుపోయి దాచాలి అన్న విషయాలు తెరమీద గీసేవారికి తోచవు. అలాగే బ్యూగుల్ అనే పొడవాటి గొట్టం పూసల (డెలికా వంటి గొట్టపు పూసలు కావు) కొనలు పదునుగా ఉండి దారాన్ని కోస్తాయని తెలిసినవారు ప్రతి గొట్టం పూసకూ రెండు వైపులా ఒక చిన్న గుండు పూస వేస్తారు. 4 మిల్లీమీటర్ల క్రిస్టల్ పూసల పక్కన కూడా అదే జాగ్రత్త తీసుకుంటారు, నూలు దారం వాడమని చెప్పరు. అంచున 15/0 పూసలతో అలంకారం పెట్టి, అదే బెజ్జంలోంచి దారం నాలుగుసార్లు పోవాలని రాసినచోట 12 లేదా 13 నంబరు సూది, సన్నని దారం అని కూడా రాసి ఉంటే ఆ మనిషి ఆ బెజ్జంతో కుస్తీ పట్టినట్టే. సూది సైజు, దారం రకం అసలే చెప్పని నమూనాలకు నేను తక్కువ మార్కులు వేస్తాను.

సామగ్రి జాబితా విషయంలో మన ప్రాంతపు ఇబ్బంది ఒకటి చెప్పాలి. నెల్లూరు చిన్నబజారులోగానీ ఒంగోలు ట్రంకు రోడ్డులోగానీ దుకాణాల్లో దొరికేవి ప్రధానంగా మగ్గం వర్కు కోసం తెచ్చిన పూసలు: షుగర్ బీడ్స్, కట్ బీడ్స్, పొడవాటి గొట్టం పూసలు. బట్టమీద కుట్టడానికి అవి బాగానే ఉంటాయి, ఒక పూస లావు, ఒక పూస సన్నం అయినా అక్కడ తెలియదు. పెయోటీలో ఆ తేడాయే పనిని వంకర తిప్పుతుంది. పైగా 11/0 అన్న సంఖ్య ఒక్కటే అయినా గొట్టపు పూసా గుండు పూసా ఒకటి కావు. గుండు పూస అడ్డుకొలత 2 మిల్లీమీటర్లు దాటుతుంది, గ్రాముకు సుమారు 110 మాత్రమే తూగుతాయి. ఇందాకటి 2,400 పూసల పనికి అప్పుడు 12 గ్రాములు కాదు, దాదాపు 22 గ్రాములు కావాలి, వస్తువు కూడా పెద్దదవుతుంది. అందువల్ల నమూనాలో 11/0 అని మాత్రమే రాసి, గొట్టపుదా గుండ్రటిదా, ఏ కంపెనీదా అన్నది రాయకపోతే అది సగం సమాచారమే. సూపర్‌డుయో, టైలా వంటి రెండు బెజ్జాల పూసలతో ఉన్న నమూనాల జోలికి అవే పూసలు చేతికి వచ్చేదాకా పోకపోవడం మంచిది, వాటికి బదులు ఏదీ సరిపోదు.

స్థానికంగా దొరికే పూసలతోనే చేయించాలనుకుంటే నమూనా రకాన్నే మార్చుకోండి. వల అల్లిక, మెలిక తాడు, నాలుగు పూసల గళ్ళు, గుచ్చే దండలు సైజు తేడాలను చాలావరకు భరిస్తాయి. శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేటలో గాజును సన్నని గొట్టంగా లాగి ముక్కలుగా కోసి పూసలు చేసే పాత పద్ధతిని పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పూసల పరిశోధకుడు అధ్యయనం చేసి ప్రపంచానికి తెలియజేశాడు. లాగి కోసిన పూసల్లో సైజు తేడా సహజంగానే ఉంటుంది. ఆ తేడా దండలో అందమే, బొమ్మల పెయోటీలో మాత్రం లోపం. నల్లపూసల గొలుసులకు వల అల్లిక నమూనాలు వెతుకుతున్నామన్నారు కాబట్టి, వాటికి ఇక్కడి పూసలే హాయిగా సరిపోతాయి.

రంగుల విషయంలో చాలామంది తెరను నమ్ముతారు. నమ్మకూడదు. లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ అని పేర్లు మాత్రమే ఇచ్చిన నమూనాకన్నా కంపెనీ సంకేత సంఖ్యలు ఇచ్చినది మేలు. డెలికాలో 10 నంబరు నిగనిగలాడే నలుపు, 310 నిగారింపు లేని నలుపు, 200 పాలతెలుపు, ఇలా ప్రతి రంగుకూ సంఖ్య ఉంటుంది, దాన్నిబట్టి దుకాణంలో సరిచూసుకోవచ్చు. ఫోటోను కంప్యూటరులో వేసి నమూనాగా మార్చినవి రంగుల జాబితా చూడగానే దొరికిపోతాయి: చిన్న కంకణానికి 30, 40 రంగులు, వాటిలో కొన్నింటికి మొత్తం పనిలో నాలుగైదు పూసలే. పటంలో రంగులు ఉప్పూకారం చల్లినట్టు ఒక్కొక్క పూసగా చెదిరి ఉంటాయి. మనిషి కూర్చొని ఆలోచించి గీస్తే చిలక రెక్కకు మూడు ఆకుపచ్చలతో సరిపెడతారు. పటాన్ని ఫోనులో నలుపుతెలుపుకు మార్చి చూడడం మరొక మంచి పరీక్ష. అలా మార్చినప్పుడు చిలక నేపథ్యంలో కలిసిపోతే అల్లాక కూడా రెండడుగుల దూరంనుంచి కనిపించదు.

పూత పూసల గురించి ఒక్క మాట. మన తీరప్రాంతపు ఉక్కలో, చెమటలో, మామూలు లోహపు పూత ఉన్న పూసల మెరుపు చేతి కంకణం మీద త్వరగా పోతుంది, రంగు అద్దిన గులాబీ, ఊదా పూసలు ఎండకు వెలుస్తాయి. చెవి జూకాలకు ఫరవాలేదుగానీ, కంకణానికి మొత్తం అలాంటి పూసలే సూచించిన నమూనాను అమ్మకానికి ఎంచుకోవద్దు.

ఇప్పుడు ఫోటోల సంగతి. నమూనాతో ఉన్న బొమ్మ నిజమైన వస్తువుదా, సాఫ్ట్‌వేర్ గీసిందా, కృత్రిమ మేధ తయారుచేసిందా అన్నది పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. నిజమైన ఫోటోలో అంచున దారం ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది, పూసలు కొంచెం కొంచెం పక్కకు ఒరిగి ఉంటాయి, హుక్కు దగ్గర పని చిన్న ముడత పడుతుంది. సాఫ్ట్‌వేర్ బొమ్మలో అన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. అది మోసం కాదుగానీ, అల్లి చూసినట్టు సాక్ష్యం కూడా కాదు. కృత్రిమ మేధ బొమ్మలో పూసలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయి ఉంటాయి, ఒక వరుసలో 12 ఉంటే పక్క వరుసలో 14 కనిపిస్తాయి, బెజ్జాల దిశ మధ్యలో మారిపోతుంది. ఫోటోలో ఏదైనా ఒక వరుసలోని పూసలను లెక్కపెట్టి పటంతో పోల్చండి. రెండూ కలవకపోతే ఆ ఫోటో ఆ నమూనాది కాదు, వేరేచోటనుంచి తెచ్చి అతికించినది.

ఎక్కడ దొరికిందన్నది కూడా కొంత చెబుతుంది. పూసలు తయారుచేసే కంపెనీలు, ఉదాహరణకు జపానుకు చెందిన మియుకి, టోహో, చెక్ దేశపు ప్రెసియోసా, ఉచితంగా ఇచ్చే నమూనాలు సాధారణంగా సరిచూసినవే ఉంటాయి. వారి ఆసక్తి తమ పూసలు అమ్ముకోవడంలో ఉంది కాబట్టి మనకు దొరకని ప్రత్యేక పూసలే వాటిలో ఎక్కువ, అదొక్కటే ఇబ్బంది. సొంతంగా నమూనాలు అమ్ముకునేవారు తమ పనితనం చూపించడానికి ఒకటి రెండు ఉచితంగా ఇస్తారు. నా అనుభవంలో అన్నిటికన్నా నమ్మదగినవి ఇవే, ఎందుకంటే ఉచితంగా ఇచ్చినదానిలో తప్పుంటే డబ్బు పెట్టి కొనేవారు రారని వారికి తెలుసు. ఎవరు గీశారో తెలియకుండా చిత్రంగా మాత్రమే తిరిగేవి ఆఖరి కోవ. అలాంటిది బాగా నచ్చితే గూగుల్ లెన్స్‌లో పెట్టి మూలం వెతకండి. చాలాసార్లు అసలు పేజీలో పూర్తి వివరణ దొరుకుతుంది, లేదా అది డబ్బు పెట్టి కొనవలసిన నమూనాలో ఒక పేజీ అని తేలుతుంది. మూల కత్తిరించి ఉండడం, పేరు చెరిపిన మరక కనిపించడం, సామగ్రి పేజీ లేకపోవడం దొంగ ప్రతికి గుర్తులు. దొంగ ప్రతిలో నీతి సంగతి అటుంచినా, ఏదో ఒక పేజీ లేకపోవడం మామూలే.

కింద వచ్చే వ్యాఖ్యల్లో చాలా బాగుంది, అద్భుతం అన్నవాటిని లెక్కలోకి తీసుకోకండి. 37వ వరుసలో ఒక పూస తక్కువ ఉంది అని ఎవరైనా రాశారా, దానికి తయారుచేసినవారు సరిదిద్ది కొత్త ప్రతి పెట్టారా అన్నది చూడండి. తప్పు దొరికి సరిదిద్దిన నమూనా, ఎవరూ ఏమీ అనని నమూనాకన్నా మంచిది, ఎందుకంటే కనీసం ఒకరు దాన్ని అల్లారన్నది రుజువైంది.

ఇవన్నీ చూశాక కూడా కొత్త నమూనాను నేరుగా సంఘంలో అందరికీ ఇవ్వకండి. మీరు ఒక్కరే, ఇంట్లో మిగిలిన అదే సైజు పూసలతో, రంగులు పట్టించుకోకుండా, బొమ్మ ఒకసారి పూర్తిగా వచ్చేంతవరకు అల్లండి. బొమ్మ మళ్ళీ మొదలయ్యే చోటు ముఖ్యం. ఒక చిలక పూర్తయి రెండోది మొదలయ్యే వరుసలోనే ఎక్కువ నమూనాల్లో పూస తేడా వస్తుంది. ఆ ముక్కను స్కేలుతో కొలిచి, నమూనాలో రాసిన కొలతతో పోల్చి, తేడా ఉంటే పటం మీదే ఎర్ర పెన్నుతో రాసుకోండి. ఇప్పటికే తెప్పించిన పూసలు వృథా కావు. మీ చిలకనే పెయోటీ గళ్ళ కాగితం మీద ఎత్తు సుమారు అయిదోవంతు తగ్గించి మళ్ళీ గీసుకుంటే, ముక్కు అంచును రెండు మూడు పూసలు సర్దితే అవే రంగులతో కంకణం వస్తుంది. అయితే అది మార్చిన నమూనాయే తప్ప మీ సొంత నమూనా కాదు, అమ్మకం గురించి కింద చెప్పేది దానికీ వర్తిస్తుంది.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గీసిన బొమ్మ మీద హక్కు గీసినవారిదే, అది వారి జీవితకాలంతోపాటు ఆ తరువాత 60 ఏళ్ళు కొనసాగుతుంది. ధర లేకుండా ఇచ్చినంతమాత్రాన ఆ హక్కు పోదు. నమూనా చివర చిన్న అక్షరాల్లో షరతులు ఉంటాయి. సొంత వాడకానికి మాత్రమే అని కొందరు రాస్తారు, చేసిన వస్తువులు కొద్ది సంఖ్యలో అమ్ముకోవచ్చు, మా పేరు చెప్పండి అని మరికొందరు, నమూనా కాగితాన్ని మాత్రం ఇతరులకు పంచవద్దు అని దాదాపు అందరూ రాస్తారు. అంటే జిరాక్సు తీసి సంఘంలో పంచడానికి కూడా అనుమతి కావాలి. షరతులే లేకపోతే ఈమెయిలులో నాలుగు వాక్యాలు రాయండి: మీరు ఎవరు, ఎంతమంది నేర్చుకుంటున్నారు, ఎన్ని కంకణాలు చేసి ఎక్కడ అమ్మాలనుకుంటున్నారు, ఎవరి పేరు వేస్తారు. చిన్న మహిళా సంఘమని తెలిస్తే ఒప్పుకునేవారే ఎక్కువ. వచ్చిన జవాబును ప్రింటు తీసి ఆ నమూనాతోపాటే ఫైలులో పెట్టుకోండి. జవాబు రాకపోతే ఆ నమూనాను నేర్చుకోవడానికి ఉంచుకొని, అమ్మకానికి వేరేది చూసుకోండి.